బాగుండానంటే రాసుకున్నాను

మోటారు క్లెయిముల సీటులో కొత్తగా కూర్చోబోతున్న ఒక అమ్మాయి మొన్న మా ఇంటికి వచ్చి, "మీ అనుభవంలోంచి మేము నేర్చుకోవలసింది ఏమైనా ఉంటే చెప్పండి సార్" అని అడిగింది. ప్రమోషన్ల గురించి అడుగుతుందేమోనని భయపడ్డాను. నాకు వచ్చినవి తక్కువ, వాటి గురించి చెప్పడానికి ఉన్నది ఇంకా తక్కువ. ఫైళ్ళ సంగతి చెబుదామంటే వాటిని ఇప్పటికి చెదలు కూడా వదిలేసి ఉంటాయి. అందుకని ఒక టీచరమ్మ భుజం గురించి చెప్పాను. ఆ అమ్మాయి శ్రద్ధగా వింటూ కాఫీ చల్లార్చుకుంది. ఇది రాసిపెడితే ఆమె తర్వాత వచ్చేవాళ్ళైనా కాఫీ వేడిగా తాగుతారనిపించింది.

ఎవరు పోయినారప్పా

నేను డెబ్బైలలో నంద్యాల బ్రాంచిలో చేరేనాటికి మా వైపు ఇన్సూరెన్సు అంటే చావుకు సంబంధించిన విషయం. ఆళ్ళగడ్డలో ఒక ఇంటి ముందు అద్దె సైకిలు దిగి, ఇన్సూరెన్సు ఆఫీసు నుంచి వచ్చానని చెప్పగానే లోపల ఒక ముసలావిడ ఏడుపు మొదలుపెట్టింది.

"ఎవురు పోయినారప్పా?" అని ఇంటాయన కండువా నోటికి అడ్డం పెట్టుకుని అడిగాడు.

"ఎవరూ పోలేదన్నా. మీ లారీ ఎద్దులబండికి తగిలింది కదా, ఆ సంగతి."

"అట్ల ముందే చెప్పల్ల గదా. అమ్మా, ఎవురూ పోల్యా, నువ్వు ఏడుపాపు."

ముసలావిడ ఆపింది గానీ, ఊరికే ఏడిపించినందుకు నన్ను చాలాసేపు కోపంగా చూసింది.

మా పని చావు కాదు, దెబ్బ. కారో లారీయో మనిషిని గుద్దితే, బండి యజమాని భరించవలసిన ఖర్చును అతని పాలసీ కింద మా కంపెనీ భరిస్తుంది. ఆసుపత్రి బిల్లు, మందుల చీటీలు, సిమెంటు కట్టు, వీటి దగ్గర పెద్ద గొడవ ఉండేది కాదు. ఎముక అతికాక, బిగుసుకుపోయిన చేతినో కాలినో మళ్ళీ కదిలించే చికిత్స ఉంటుంది చూడండి, గొడవంతా అక్కడ మొదలయ్యేది. దాన్ని ఇప్పుడు ఫిజియోథెరపీ అని పసిపిల్లలు కూడా అంటున్నారు. అప్పుడు ఊళ్ళో జనం "ఎముక అతుక్కునింది గదా, ఇంగేంది?" అనేవాళ్ళు. మేము ఆఫీసులో అదే మాటను ఇంగ్లీషులో రాసేవాళ్ళం.

పాణ్యం చెయ్యి

మేము అనుమానించడానికి కారణం లేకపోలేదు. పాణ్యంలో ఒకాయన తన కుడిచెయ్యి చచ్చుపడిపోయిందని, జీవితాంతం ఎవరో ఒకరు మాలీషు చెయ్యాలని అర్జీ పెట్టుకున్నాడు. నేను వెళ్ళేసరికి చెయ్యి మెడకు కట్టుకుని, మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు.

"ఎట్లుండావన్నా?" అన్నాను.

"సచ్చిపోతాండా సార్. ఈ చెయ్యి ఉన్నెట్టే ల్యా."

నేను అయ్యో పాపమంటూ అరగంట కూర్చున్నాను. ఆ అరగంటలో అతని ముఖం మీద ఒక ఈగ వాలింది. చచ్చుపడిన చెయ్యి కట్టులోంచి టక్కున బయటికి వచ్చి, ఈగను తోలి, మళ్ళీ కట్టులోకి దూరి బుద్ధిగా పడుకుంది. మేమిద్దరం ఒకరినొకరు చూసుకున్నాం.

"అప్పుడప్పుడు వస్తాంటాది సార్ అట్ల," అన్నాడు.

ఆ రిపోర్టుతో ఆఫీసులో నా పేరు మారుమోగింది. మనిషిని చూసి నిజం పట్టేస్తాడని అందరూ అన్నారు. నేనూ నమ్మాను. నా కన్ను మీద నాకు కలిగిన ఆ గర్వం తర్వాత ఒకరి భుజానికి ముప్పు తెచ్చింది కాబట్టి దీన్ని ఇక్కడ చెప్పవలసి వచ్చింది.

మూర్తిగారు, బావి గిలక

మా మేనేజరు మూర్తిగారు కోస్తావైపు నుంచి బదిలీ మీద వచ్చారు. మంచివారే. అయితే మంచితనాన్ని ఫైలు మీద కనపడనిచ్చేవారు కాదు. ఆయన చేతిలో ఎప్పుడూ ఒక ఎర్ర పెన్సిలు ఉండేది. దాని మొన అరిగిన కొద్దీ జిల్లాలో ఎవరికో చికిత్స ఆగిపోయిందని మేము లెక్కవేసుకునేవాళ్ళం.

ఎనభైలలో ఆయన బల్ల మీదికి ఆళ్ళగడ్డ నుంచి సుగుణమ్మ టీచరు కాగితాలు వచ్చాయి. ఆమె అక్కడ మిషన్ స్కూల్లో లెక్కలు చెప్పేది. భర్త లేడు, పిల్లలు లేరు, వచ్చే జీతంతో ముసలి అత్తను చూసుకునేది. ఒకరోజు బస్సు కోసం నిలబడి ఉంటే, వెనక్కి వస్తున్న కారు తగిలి పడిపోయింది. కుడి భుజం దగ్గర ఎముక విరిగింది. కట్టు విప్పాక చెయ్యి నడుము దాటి పైకి లేవలేదు. కారు యజమాని పెద్దమనిషి. కేసు కోర్టుకు పోకుండా రాజీ కుదిరింది. కోలుకునేదాకా చికిత్స ఖర్చులు, బస్సు చార్జీలతో సహా, మా కంపెనీ ఎప్పటికప్పుడు ఇవ్వాలి. రాజీ కాగితంలో "కోలుకునేదాకా" అన్న మాట ఒక్కటే ఉంది. కోలుకున్నారని ఎవరు తేల్చాలో రాయడం మరిచిపోయాం.

ఆమె వారానికి మూడుసార్లు నంద్యాలకు వచ్చి జయరాజు అనే ఆయన దగ్గర చికిత్స చేయించుకునేది. మద్రాసులో చదువుకుని వచ్చినాయన. ఊళ్ళో ఆయనను "గోడెక్కిచ్చే డాక్టరు" అనేవాళ్ళు. ఎందుకో తర్వాత చెబుతాను. ఆయన పంపిన మొదటి బిల్లులో "గిలక ఒకటి, తాడు" అని ఉంది. చెయ్యి పైకి లాగే కసరత్తు కోసం ఇంట్లో దూలానికి కట్టుకోమని ఇచ్చింది అది.

మూర్తిగారు నన్ను పిలిచారు. "మనం ఎవరి బావి బాగుచేయిస్తున్నామయ్యా?"

"బావి కాదు సార్, భుజం."

"చేయి పట్టుకుని తిప్పడానికి డాక్టరు కావాలా? మా అమ్మమ్మ తలంటుపోసేటప్పుడు కాళ్ళూ చేతులూ ఊరికే తిప్పేది."

గిలకకు ఒప్పుకున్నారు. తాడు మాత్రం కొట్టేశారు. రెండు నెలలు బిల్లులు వచ్చాక ఆయన సహనం నశించింది. "నీ కన్ను మంచిదంటారుగా. వెళ్ళి చూసి రా" అన్నారు.

నేను చూసి వచ్చిన తీరు

ఆదివారం నాడు వెళ్ళాను. టీచరమ్మ చర్చి నుంచి అప్పుడే వచ్చినట్టుంది, తెల్లచీరలోనే ఉంది. నన్ను చూసి కుర్చీ ఎడమచేత్తో లాగి వేసింది.

"ఎట్లుండారు టీచరమ్మా?" అన్నాను.

"దేవుని దయవల్ల బాగుండానప్పా. ఎండలో వచ్చినావు, కుచ్చో. మజ్జిగ తాగు."

లోపలికి వెళ్ళి గ్లాసు తెచ్చింది. నాకు అందిస్తూ, "ఎడమచెయ్యి, ఏమనుకోవద్దప్పా" అంది.

"అయ్యో, దాందేముందమ్మా," అన్నాను. మజ్జిగలో అల్లం, కరివేపాకు బాగా పడ్డాయి. ఇంకో గ్లాసు అడిగి తాగాను. బిల్లుల గురించి రెండు మాటలు మాట్లాడి బస్సెక్కాను.

నేను ఇచ్చిన రిపోర్టు నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు: గాయపడిన వ్యక్తి బాగున్నానని స్వయంగా తెలియజేశారు; ఇంటిపనులు చేసుకుంటున్నారు; వచ్చినవారికి స్వహస్తాలతో రెండుసార్లు మజ్జిగ అందించారు.

ఏ హస్తమో రాయలేదు. ఫారంలో ఆ గడి లేదు. నేను చూడలేదని కాదు, చూశాను. మా ప్రాంతంలో ఎడమచేత్తో ఇంటికొచ్చిన మనిషికి గ్లాసు అందించడమంటే ఎంత చిన్నతనమో నాకు తెలుసు. చదువుకున్న టీచరమ్మ, క్షమించమని అడిగి మరీ అలా ఇచ్చిందంటే రెండో చెయ్యి ఎలా ఉందో అక్కడే అర్థం కావాలి. నేను మర్యాదకు మర్యాద జవాబు చెప్పి, సంగతి అక్కడే వదిలేశాను. మూర్తిగారు రిపోర్టు చదివి, "అదీ సంగతి" అన్నారు. ఎర్ర పెన్సిలుతో "కోలుకున్నారు" అని రాసి కింద రెండు గీతలు గీశారు. బిల్లులు ఆగిపోయాయి. ఆళ్ళగడ్డ నుంచి ఒక్క ఉత్తరం ముక్క కూడా రాలేదు. రాలేదు కాబట్టి నా కన్ను మళ్ళీ గెలిచిందనుకున్నాను.

గోడ

నాలుగు నెలల తర్వాత వెలుగోడులో ఇళ్ళు కట్టే బేల్దారి ఒకాయన మోచేతి కేసు మీద జయరాజు గదికి వెళ్ళవలసి వచ్చింది. ఆ గదిలో ఒక బల్ల, వేడి మైనం గిన్నె, దూలానికి గిలక, ఒక సున్నం గోడ తప్ప ఏమీ లేవు. ఆ గోడే ఆయన వైద్యం. చెయ్యి లేవని మనిషిని గోడ పక్కన నిలబెట్టి, వేళ్ళతో గోడ మీద పైకి పాకమంటాడు. వేళ్ళు ఎక్కడ ఆగితే అక్కడ పెన్సిలుతో గీత గీసి తేదీ వేస్తాడు. ఒక్కొక్కరికి ఒక్కొక్క వరస, పైన పేరు. గోడెక్కించడమంటే ఇది.

బేల్దారి వరస వెతుకుతుంటే పక్కన "సుగుణమ్మ టీచరు, ఆళ్ళగడ్డ" అని కనబడింది. గీతలు నడుము దగ్గర మొదలై, వారం వారం వేలెడు వేలెడు ఎక్కుతూ చెవి ఎత్తుకు వచ్చాయి. అక్కడ ఆగిపోయాయి. చివరి తేదీ నా రిపోర్టు వారానిది. మళ్ళీ ఒక్కటే కొత్త గీత ఉంది, కిందటి వారంది. అది రొమ్ము ఎత్తులో ఉంది.

"ఇదేంది జయరాజూ, కిందికొచ్చింది?"

"పేపర్లు దిద్దే పనికి నంద్యాలకొచ్చి, పోతా పోతా ఈడికి వచ్చింది సార్. నేనే నిలబెట్టి కొలిచినా. ఇంటికాడ చేసుకుంటాండానని చెప్పింది. ఒక్కరే చేసుకుంటే నొప్పి వచ్చేకాడికి ఆపేస్తారు సార్. ఆ నొప్పి దాటిచ్చేదానికే గదా నేనుండేది."

"మరి రావడం ఎందుకు మానేసింది?"

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "మీరు ఆపిచ్చినారు గదా. వారానికి మూడుతూర్లు బస్సు, నా ఫీజు, ఆమె జీతంలో యాడ నుంచి వస్తాయి? నా ఫీజు వద్దులే అంటే ఒప్పుకోల్యా."

"బాగుండానని ఆమే చెప్పింది," అన్నాను.

"అందరూ అదే చెప్తారు సార్. ఈడికి మంచం మీద మోసుకోనొచ్చినోళ్ళు గూడా ఎట్లుండావంటే బాగుండా అనే అంటారు. నేనెప్పుడూ రాసుకోలేదు."

ఇంకా ఆలస్యమైతే చెయ్యి ఆ ఎత్తులోనే ఉండిపోతుందని కూడా చెప్పాడు. ఆయన గొంతులో కోపం లేదు. ఉంటే నాకు కొంచెం సులువుగా ఉండేది.

మర్నాడే ఆళ్ళగడ్డ బస్సెక్కి నేరుగా స్కూలుకు వెళ్ళాను. కిటికీలోంచి చూస్తే తరగతిలో ముందు రెండు బెంచీల వాళ్ళు కూర్చుని ఉన్నారు, వెనక వాళ్ళందరూ లేచి మెడలు సాచి చూస్తున్నారు. నల్లబల్ల గోడ మీద లేదు. మేకుల నుంచి దింపి, నేల మీద రెండు ఇటుకల మీద ఆనించారు. టీచరమ్మ దాని ముందు కొంచెం వంగి, మోచెయ్యి పక్కకు అదిమిపెట్టి, భాగహారం రాస్తోంది. రాయడానికి చెయ్యి ఎక్కడిదాకా లేస్తుందో బల్లను అక్కడికి దించుకుంది.

గంట కొట్టాక బయటికి వచ్చింది. నన్ను చూసి, "బాగుండావా అప్పా?" అంది.

నాకు ఏడుపొచ్చినంత పనైంది. "టీచరమ్మా, చెయ్యి ఇట్లుంటే నాతో బాగుండానని ఎందుకు చెప్పినారు?"

"ఇంటికొచ్చినోళ్ళు ఎట్లుండావంటే ఇంగేమని చెప్తారప్పా?"

"పోనీ, బిల్లులు ఆగినప్పుడైనా ఒక ఉత్తరం రాయకపోతిరా?"

ఆమె చీర కొంగుతో వేళ్ళకున్న సుద్ద తుడుచుకుంది. "దేవుని దయవల్ల బాగుండానని నేనే అంటి గదా. నువ్వు దాన్ని కాగితం మీద పెట్టినావు. మళ్ళా కాదని రాస్తే, దేవుని పేరు చెప్పి అబద్ధమాడినట్ల కాదా?"

చేతిని పోగొట్టుకోవడానికైనా సిద్ధపడింది గానీ, ఆ మాటను వెనక్కి తీసుకోవడానికి ఆమెకు మనసొప్పలేదు. వెనక్కి తీసుకోవలసింది నేను.

మాట వెనక్కి తీసుకోవడం

పాత దినపత్రికలను అన్నంమెతుకులతో అతికించి నిలువెత్తు పట్టీ చేశాను. జయరాజు గదికి వెళ్ళి, గోడ మీదున్న టీచరమ్మ గీతలన్నీ ఉన్నవి ఉన్నట్టు దాని మీదికి దించుకున్నాను. మర్నాడు మూర్తిగారి గదిలో, ఆయన కాలెండరు తీసేసి, అదే మేకుకు దాన్ని తగిలించాను.

"ఏమిటయ్యా ఇది?"

"టీచరమ్మ చెయ్యి సార్. ఇక్కడిదాకా ఎక్కింది. మనం ఆపాం. ఇక్కడికి దిగింది."

"ఆవిడే బాగున్నానందిగా?"

"అనింది సార్. మా వైపు అందరూ అంటారు. నేను ఈ ఊరివాణ్ణి, నాకు తెలిసుండాలి. రిపోర్టులో అబద్ధం లేదు గానీ, అది తప్పు."

మూర్తిగారు కుర్చీలోంచి లేచి పట్టీ పక్కన నిలబడ్డారు. చివరగా దిగిన గీత దాటకుండా తన కుడిచెయ్యి పెట్టి, తలను దాని దగ్గరికి వంచే ప్రయత్నం చేశారు. తర్వాత వీపు వెనక్కి పెట్టబోయారు. భారీ మనిషి కావడం వల్ల కాస్త వేడుకగానే ఉంది గానీ, నేను నవ్వలేదు.

"ఆవిడకి జడ ఎవరు వేస్తున్నారయ్యా?" అన్నారు.

"అడగలేదు సార్."

"ఎలా ఉన్నారని మాత్రం అడిగావు." ఎర్ర పెన్సిలు తీసుకున్నారు. "తప్పు రిపోర్టు ఇచ్చానని నువ్వు రాసివ్వాలి. నీ సర్వీసు పుస్తకంలోకి ఎక్కుతుంది."

"రాసిస్తాను సార్."

రాసిచ్చాను. దానివల్ల నా ప్రమోషను వెనకబడిందని ఆఫీసులో చెప్పుకునేవాళ్ళు. అది రాకపోవడానికి నా దగ్గర ఇంకా చాలా కారణాలు ఉండేవి కాబట్టి నేనేమీ బాధపడలేదు. బిల్లులు మళ్ళీ మొదలయ్యాయి. ఈసారి రాజీ కాగితంలో, కోలుకున్నారని తేల్చవలసింది జయరాజు గోడ అని మూర్తిగారే ఒక వాక్యం చేర్చారు. అంతకు ముందు కొట్టేసిన తాడును కూడా ఒప్పుకున్నారు. ఆ తర్వాత కొన్నాళ్ళకు ఆయన అరచేతులు గోడకు ఆనించి, కిటికీ పక్కన పాకిస్తూ ఉండగా ప్యూను చూశాడట. మెడ పట్టేసిందట పాపం. అమ్మమ్మ లేదు కదా.

పైగూటి డబ్బా

అప్పటి నుంచి పరామర్శకు వెళ్ళినప్పుడు "ఎట్లుండారు" అని మర్యాదకు అడిగేవాణ్ణి, జవాబు మాత్రం రాసుకునేవాణ్ణి కాదు. చెయ్యి దెబ్బ అయితే, వక్కాకు, అదే తాంబూలం, కావాలని పైగూటిలోని డబ్బా తియ్యమనేవాణ్ణి. నడుము దెబ్బ అయితే, నా పెన్ను కింద పడేసేవాణ్ణి. వక్కాకు తినే అలవాటు నాకు లేదు. ఉద్యోగం కోసం తిన్నవి తిన్నాను, మా ఆవిడ నా పళ్ళు చూసి ముక్కున వేలేసుకుంది. పాణ్యం ఈగలాంటివి కొన్ని దొరికాయి. కానీ "బాగుండా" అంటూ డబ్బా దాకా చెయ్యి పోక, నవ్వేసి, కోడలిని పిలిచినవాళ్ళు అంతకంటే చాలామంది. ఆ నవ్వు ఏ ఫారంలోనూ ఉండదు. రిపోర్టులో మీరే దానికి చోటు చూసుకోవాలి.

నా ఉద్యోగం ముగిసిన ఏడాది ఆళ్ళగడ్డ వెళ్ళాను. టీచరమ్మ కూడా అప్పటికి రిటైరైంది. ఇంట్లో దూలానికి ఆ గిలక అలాగే ఉంది, దానికి ఉల్లిగడ్డల బుట్ట వేలాడుతోంది. మజ్జిగ తెచ్చింది. ఏమీ అనకుండా కుడిచేత్తో అందించింది. నేను గ్లాసు వైపే చూస్తున్నానని గమనించింది.

"జడేసుకుంటానప్పా. బోర్డు మళ్ళా మేకులకు తగిలిచ్చినారు. పై వరస ఒకటే అందల్యా. ఆ నాలుగు నెలలు యాడనో పోయినాయి, మళ్ళా రాలేదు," అంది.

అది నిందలా అనలేదు. అయినా అది నాదే. ఎవరైనా నా సర్వీసు గురించి గొప్పగా మాట్లాడినప్పుడల్లా బోర్డు మీద అందని ఆ పై వరస గుర్తొచ్చి నోరు మూసుకుంటాను.

మజ్జిగ తాగి లేవబోయాను. ఏళ్ళ తరబడి బస్సు మెట్లు ఎక్కిన మోకాలు మొరాయించింది. కుర్చీ పట్టుకుని ఎలాగో నిలబడ్డాను.

"ఎట్లుండావప్పా?" అంది టీచరమ్మ.

"బాగుండా టీచరమ్మా," అన్నాను, అలవాటుగా.

ఆమె కుడిచెయ్యి మెల్లగా పైకి పోయింది. భుజం దాటింది, చెవి దాటింది, జడను చుట్టిన ముడిలో దోపుకున్న పెన్సిలును పట్టుకుని బయటికి తీసింది.

"రాసుకోమంటావా?"

నేను మళ్ళీ కుర్చీలో కూలబడ్డాను. "వద్దు టీచరమ్మా. మోకాలు శానా నొస్తాంది."